గడియారం మాస్టారు విప్పిన ల్యాప్‌టాప్

తొమ్మిదీ నలభైకి లోపలి గదిలోంచి భార్య "ఏవండీ, ఇందులో వైఫై గుర్తే లేదు" అని పిలిచేసరికి, గడియారం మాస్టారి చేతిలోని వెంట్రుకంత స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడింది. ముప్పై ఏళ్లలో ఆయన చేతిలోంచి స్ప్రింగులు చాలానే ఎగిరాయి. ఎగిరినదాన్ని వెతక్కుండా లేచి వెళ్లడం మాత్రం అదే మొదటిసారి.

అంతగా ఉలిక్కిపడడానికి ఒక కారణం ఉంది, అది ఆయనొక్కడికే తెలుసు. నిన్న మధ్యాహ్నం ఆవిడ పరీక్ష కోసం ఫోటోలు తీయించుకోవడానికి వెళ్లినప్పుడు, ఆయన ఆ ల్యాప్‌టాప్‌ను విప్పాడు.

కుతూహలం కొద్దీ విప్పాడనుకుంటే పాపం. ఆ ల్యాప్‌టాప్ పావుగంట నడిస్తే చాలు, లోపలి ఫ్యాను పిండిమరలాగా మొదలెట్టేది. ఆవిడ ఇంట్లోంచే ఆన్‌లైన్లో రాయబోయేది కోర్టులో స్టెనో ఉద్యోగానికి వేగపరీక్ష. హెడ్‌ఫోన్లలో ఎవరో చదువుతూ పోతారు, విన్నది విన్నట్టు టైపు చేస్తూ పోవాలి. పెళ్లికి ముందు నేర్చుకుని మూలన పడేసిన విద్యను రెండేళ్లుగా రోజూ పొద్దున్నే లేచి ఆవిడ మళ్లీ వేళ్లకు ఎక్కించుకుంది. వచ్చే నెలలో నలభై అయిదు నిండుతాయి. నిండాయంటే ఇక ఆ పరీక్షకు కూర్చోనివ్వరు. అంటే ఇవాళ పదకొండు గంటలకు మొదలయ్యేదే మొదటిదీ, చివరిదీ. వారం కింద ఒకసారి, చదివేవాళ్ల గొంతు సన్నగా ఉంటే మాటల చివర్లను ఈ ఫ్యాను మింగేస్తోందని ఆవిడ మామూలుగానే అంది. ఆ మాట మాస్టారి మనసులో ముల్లులా ఉండిపోయింది. ఊరందరి యంత్రాలూ బాగుచేసేవాడి ఇంట్లో, పెళ్లాం చెవిలో ఫ్యాను గోలేమిటని ఆయనకు పౌరుషం వచ్చింది.

పదకొండు స్క్రూలు తీశాడు. తీసినవి తీసినట్టు, ఏది ఎక్కడిదో తెలిసేలా గాజుపళ్లెంలో వరసగా పెట్టాడు. ఫ్యానులోని దుమ్మంతా తుడిచి, ఇరుసు మీద సూదిమొనంత నూనె అద్దాడు. ఫ్యాను నోరు మూసుకుంది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆయన పనిలో ఒక నియమం ఉంది. గడియారం విప్పాక, లోపల ఎండుగా ఉన్న ముక్కను ఎండుగానే ఉంచి మూత బిగించకూడదు. చూస్తే ఓ మూల పోస్టు స్టాంపు కంటే కాస్త పెద్ద ముక్క ఒకటి, ఒంటి స్క్రూతో, రెండు సన్నని తీగలతో కనిపించింది. తీగలు ఊడదీసి, స్క్రూ విప్పి బయటికి లాగాడు. ఒక అంచున బంగారు రంగు పళ్లు వరసగా ఉన్నాయి, అన్నీ ఎండుగానే ఉన్నాయి. అవి బిగుతుగా ఓ గాడిలోకి దూరేవి కాబట్టి అరుగుతాయని ఆయన తీర్మానించుకున్నాడు. పెద్ద గోడగడియారాల స్ప్రింగులకు వాడే గ్రీజు డబ్బా తీసి, పుల్లకు దూది చుట్టి, ఆ పళ్లకు రెండువైపులా శ్రద్ధగా పూశాడు. మిగిలిన కాస్తా వృథా ఎందుకని గాడిలోకి కూడా ఎక్కించాడు. తర్వాత అన్నీ యథాప్రకారం బిగించి ఆన్ చేస్తే తెర వెలిగింది, ఫ్యాను కిక్కురుమనలేదు. తన భుజం తానే తట్టుకుని మూసి పెట్టేశాడు. ఆయనకు తెలియనిది ఒక్కటే. ఆ ముక్కే వైఫై కార్డు.

ఇప్పుడు లోపలి గదిలో ఆవిడ పక్కన నిలబడి తెర వైపు చూస్తుంటే ఆయన గుండె గడియారంతో పోటీపడుతోంది. వైఫై గుర్తు ఉండాల్సిన చోట బోసిగా ఓ గోళం బొమ్మ ఉంది. ఆవిడ ఇప్పటికే రెండుసార్లు ఆపి ఆన్ చేసింది. గోడ మీది రూటర్‌లో దీపాలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి, ఆవిడ ఫోనుకు అదే రూటర్ నుంచి నెట్ వస్తోంది. అంటే తప్పు ల్యాప్‌టాప్‌దే.

"చిట్టిని పిలవండి" అంది ఆవిడ. గొంతు మామూలుగానే ఉంది కానీ వేళ్లు ఒళ్లో కూర్చుని లేని అక్షరాలు టైపు చేస్తున్నాయి. కంగారు పుడితే ఆవిడకు అదే అలవాటు.

చిట్టి అంటే ఆవిడ చెల్లెలు, మాస్టారికి మరదలు. వీధిలో రెండు గుమ్మాల అవతల ల్యాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణం నడుపుతోంది. ముప్పై నాలుగేళ్లొచ్చినా ఇంటిల్లిపాదికీ చిట్టే. చిన్నప్పుడు సెలవులన్నీ బావ బల్ల పక్కన స్టూలెక్కి గడిపింది. ట్వీజర్ ఎలా పట్టుకోవాలో, ఊపిరి బిగబట్టి స్క్రూ ఎలా కూర్చోబెట్టాలో అక్కడే నేర్చుకుంది. ఇప్పుడు బావను ఆటపట్టించడానికి ఆ విద్యనే వాడుకుంటుంది.

కబురందిన మూడో నిమిషానికి చిట్టి పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వచ్చేసింది. దుకాణంలో ఒకేసారి టకటకమంటున్న నలభై ఒక్క గడియారాలను దాటుకుంటూ, బావ మొహం చూసి, పరీక్ష అక్కకా నీకా అని నవ్వింది. మాస్టారు నవ్వలేదు. అది ఆమె గమనించాల్సింది.

కూర్చుంటూనే చిట్టి వేళ్లు పరుగెత్తాయి. విమానం గుర్తు పొరపాటున నొక్కుకుందేమో చూసింది, లేదు. నెట్‌వర్క్ సెట్టింగుల్లో చూస్తే అసలు వైఫై అనే మాటే కనబడలేదు. డివైస్ మేనేజర్ తెరిచింది. ల్యాప్‌టాప్ ఒంట్లో ఏయే భాగాలున్నాయో జాబితా చూపించే చోటది. అందులో నెట్‌వర్క్ అడాప్టర్ల కింద కార్డు పేరు ఉండాలి. లేదు.

చిట్టి కళ్లు మెరిశాయి. జబ్బు ఎంత వింతగా ఉంటే ఆమెకు అంత హుషారు. "చూడక్కా, డ్రైవర్ పాడైతే పేరుంటుంది, పక్కన పసుపు గుర్తు పడుతుంది. దీనికి పేరే లేదు. బ్లూటూత్ కూడా లేదు. ఆ రెండూ ఒకే కార్డు మీద ఉంటాయి" అని, దాగి ఉన్నవాటిని కూడా చూపించమని అడిగింది. అప్పుడు వెలిసిపోయిన అక్షరాలతో కార్డు పేరు కనబడింది. ఒకప్పుడు ఉండేదనీ, ఇప్పుడు కనిపించడం లేదనీ దానర్థం.

మాస్టారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వేరే కార్డు వేసేస్తే పోదా అని పైకి తేలిగ్గా అడిగాడు.

కుదరదట. సంగతి ఆవిడే చెప్పింది. పోయిన వారం రిహార్సల్ పెట్టినప్పుడు పరీక్ష సాఫ్ట్‌వేర్ ఈ ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డు నంబరు రాసుకుంది. ఒకరి బదులు ఒకరు రాయకుండా ఆ ఏర్పాటు. ఫోనుకు తీగ తగిలించినా, కొత్త కార్డు పెట్టినా లోపలికి రానివ్వదు. ఆ నంబరున్న ఆ కార్డే పదీ యాభై అయిదు లోపు లోపలికి తీసుకెళ్లాలి. చిట్టి సంచీలో అలాంటి కార్డులు అరడజను ఉన్నాయి, ఒక్కటీ పనికిరాదు.

చిట్టి కుర్చీలో వెనక్కి తిరిగి బావను చూసింది. "ఎవరైనా విప్పారా?"

ఆ ప్రశ్న ఎవరిదనుకున్నారు? మాస్టారిదే. దుకాణంలోకి వచ్చే ప్రతివాడినీ గడియారం బల్ల మీద పెట్టకముందే ఆయన అడిగే మొదటి ప్రశ్న అది. అడిగి అడిగి విసిగి, "ఇంట్లో విప్పి చూసినవారు ఆ మాట ముందే చెప్పవలెను" అని ఎర్ర అక్షరాలతో బోర్డే పెట్టాడు. అయినా ఎవడూ చెప్పడు. మేమేం చెయ్యలేదండీ, దానంతట అదే ఆగిపోయిందంటారు. ఆ జనాన్ని ముప్పై ఏళ్లుగా ఆడిపోసుకుంటున్న మనిషి, నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టు ఒక్క క్షణం ఆగి, "ఎవరు విప్పుతారు? ముట్టుకోవద్దని మీ అక్క వారం ముందే చెప్పిందిగా" అన్నాడు.

ఎందుకలా అన్నాడో ఆయనకే తెలియదు. తెర వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, తాను చేసిన పనికీ దీనికీ సంబంధం ఉండదని లోపల ఎవరో సర్దిచెప్పారు. అంతకంటే నిజం ఏమిటంటే, ఆ నిమిషంలో భార్య కళ్లలోకి చూసి చెప్పే ధైర్యం లేకపోయింది.

చిట్టి ఆ మాట నమ్మింది. బావ మాట ఆమె ఎప్పుడూ నమ్ముతుంది. ఎవరూ విప్పకపోతే లోపల బిగించిన కార్డు తనంతట తాను ఊడి రాదు. కాబట్టి తప్పు పైనెక్కడో ఉండాలి. ముందు ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, పవర్ బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుంది. లోపల నిలిచిన కరెంటు దిగిపోతే కొన్ని కార్డులు తెలివి తెచ్చుకుంటాయట. ఇది తెచ్చుకోలేదు. తర్వాత చూస్తే నిన్న సాయంత్రం ల్యాప్‌టాప్ తనంతట తాను, ముందే దించుకున్న ఏదో అప్‌డేట్ ఎక్కించుకున్నట్టు తెలిసింది. ఇదే దొంగ అంది చిట్టి. దాన్ని తీసేయమని ఆజ్ఞ ఇచ్చింది. నీలం తెర మీద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలెట్టాయి. టైము పదీ అయిదు.

మాస్టారికి ఆ అప్‌డేట్ మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేం. దేవుడా, దొంగ అదే అయి ఉండాలి అనుకుంటూ దుకాణంలోకి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. లోపల్నుంచి చిట్టి శాతాలు చదువుతోంది. పదకొండు. పద్నాలుగు. పద్నాలుగు దగ్గర చాలాసేపు ఆగింది.

పదీ పదిహేనుకు ఓ గిరాకీ వచ్చాడు. బడిలో డ్రాయింగ్ నేర్పే మాస్టారు, సన్నగా పొడుగ్గా ఉంటాడు, జేబులో ఎప్పుడూ పెన్సిళ్లు. సంచీలోంచి ఓ అలారం గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. గడియారం మాస్టారి నోరు అలవాటు ప్రకారం తనంతట తానే అడిగింది.

"ఎవరైనా విప్పారా?"

"అబ్బే, ఎవరు విప్పుతారండీ? దానంతట అదే ఆగిపోయింది."

మాస్టారు గడియారాన్ని వెనక్కి తిప్పాడు. స్క్రూ నెత్తి మీద కూరగాయల కత్తి మొన జారిన గీతలు తాజాగా మెరుస్తున్నాయి. తలెత్తి చూస్తే డ్రాయింగ్ మాస్టారు ఎర్ర అక్షరాల బోర్డు వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడుతున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఉన్న ఆ మొహం చూడగానే గడియారం మాస్టారికి అద్దంలో చూసుకున్నట్టయింది. అవే మాటలు. ఎవరు విప్పుతారు. అచ్చంగా అవే. రోజూ తనకు చీదర పుట్టించే ఆ మాటలను పదిహేను నిమిషాల కింద తన నోటితో తానే అన్నాడు. అక్కడ లోపల రెండేళ్ల కష్టం పద్నాలుగు శాతం దగ్గర ఆగి ఉంది.

ఆయన లేచాడు. లేచిన ఊపుకి స్టూలు పడింది. గుమ్మానికున్న తెర తోసుకుని లోపలికి వెళ్లి, ఇద్దరు అక్కచెల్లెళ్ల ముందూ నిలబడ్డాడు.

"నేనే విప్పాను" అన్నాడు. "నిన్న మధ్యాహ్నం. ఫ్యాను తుడిచాను. రెండు తీగలున్న చిన్న ముక్క ఒకటుంది, దాన్ని లాగి పళ్లకు గ్రీజు రాశాను. గాడిలో కూడా రాశాను."

"గ్రీజా? ఏ గ్రీజు బావా?"

"గోడగడియారాలకు వాడేది. పాత డబ్బా. కాస్త మైనంలా గట్టిపడింది."

"కరెంటు పారే పళ్లకు మైనం పూశావా?" అని చిట్టి తల పట్టుకుంది. "ఈ ప్రశ్న నేను నీ దగ్గరే నేర్చుకున్నాను బావా. నువ్వే అబద్ధం చెబితే ఇక నేనెవర్ని నమ్మను?"

మాస్టారు భార్య వైపు చూశాడు. ఆవిడ ఒళ్లోని వేళ్లు ఆగిపోయాయి. మొహంలో రంగు మారింది. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఎన్నడూ చూడని చూపు ఒకటి చూసింది. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. తర్వాత ఆవిడ గోడ మీది గడియారం చూసి, ఊపిరి పీల్చుకుని ఇలా అంది.

"తిట్టేది పన్నెండున్నరకు తిడతాను. తిట్టడానికి చాలా ఉంది, ఇప్పుడు టైము లేదు. ఎలా విప్పారో అలా విప్పండి."

వెంటనే విప్పడానికి లేదు. అప్‌డేట్ మధ్యలో ఆపితే ల్యాప్‌టాప్ మొత్తానికే లేవకపోవచ్చని చిట్టి చేయి అడ్డం పెట్టింది. ముగ్గురూ ఆ చుక్కల చుట్టూ నిలబడ్డారు. నలభై. యాభై రెండు. డ్రాయింగ్ మాస్టారు కూడా ఎప్పుడో గుమ్మం తెర సందులోంచి తల దూర్చి చూస్తున్నాడు, ఎవరూ పొమ్మనలేదు. డెబ్బై. తొంభై. పదీ ఇరవై నాలుగుకు నీలం తెర పోయి ల్యాప్‌టాప్ మామూలుగా లేచింది. వైఫై రాలేదు, వస్తుందని ఇప్పుడెవరూ అనుకోనూ లేదు. చిట్టి దాన్ని ఆపి బోర్లా తిప్పింది.

అక్కడి నుంచి మాస్టారి చేతులు చూడాలి. పదకొండు స్క్రూలు ఆమె తీస్తే పది నిమిషాలు. ఆయన మూడు నిమిషాల్లో తీశాడు. ఏది పొడుగుదో, ఏది పొట్టిదో, ఏ మూల కొక్కెం ఎటు జరిపితే వదులుతుందో నిన్ననే తెలుసుకున్నాడు కదా. చిట్టి బ్యాటరీ తీగ ఊడదీసింది. కార్డు మీది రెండు తీగలనూ ట్వీజర్‌తో పైకి లేపి, నల్లదెటు తెల్లదెటు అని ఒకసారి పైకి చదువుకుని, కార్డు లాగింది. పళ్ల మీద పసుప్పచ్చటి పొర, దానికి అంటుకుని దూది పోగులు. నిన్న ముద్దొచ్చిన ఆ మెరుపును ఇప్పుడు మాస్టారు చూడలేకపోయాడు.

చిట్టి స్పిరిట్‌తో తుడిచింది. చాలావరకు పోయింది, పల్చటి జిడ్డు మిగిలింది. రబ్బరు కావాలి, మెత్తటిది, పెన్సిలు గీతలు చెరిపేది అంది. మాట పూర్తికాకముందే తెర సందులోంచి ఓ పొడుగాటి చేయి తెల్లటి రబ్బరు పట్టుకుని లోపలికొచ్చింది. డ్రాయింగ్ మాస్టారి చేయి అది. చిట్టి దాంతో ఆ పళ్లను మెల్లగా ఒకే దిశలో రుద్ది, పొట్టు ఊదేసి, కార్డు బిగించి, మూత పెట్టకుండానే ఆన్ చేసింది. పదీ ముప్పై అయిదు. డివైస్ మేనేజర్ తెరిచారు. పేరు ఒక్క క్షణం వచ్చింది. ముగ్గురూ ఊపిరి పీల్చారు. పేరు మళ్లీ పోయింది.

"బతికే ఉంది" అంది చిట్టి, గొంతులో హుషారు దాచుకోలేక. "కార్డు బతికే ఉందక్కా. గాడి లోపల ఉన్న జిడ్డే తగలనివ్వడం లేదు."

గాడి అంటే బియ్యపు గింజ కూడా పట్టని సందు. దాని లోపల పైనా కిందా వెంట్రుకల్లాంటి తీగలు డెబ్బై దాకా వరసగా ఉంటాయి. ఒక్కటి వంగినా కథ ముగిసినట్టే. చిట్టి మళ్లీ ఆపి, కార్డు తీసి, బ్రష్ పెట్టి చూసింది, దూరలేదు. పిన్నీసు పెడితే గీరుకుంటుంది. ఆమె బ్రష్ పక్కన పెట్టి బావ వైపు చూసింది.

"లే చిట్టీ" అన్నాడు మాస్టారు.

దుకాణంలోంచి తన బల్లదీపం తెచ్చాడు. కంటికి భూతద్దం బిగించాడు. గడియారాల్లో రాళ్ల రంధ్రాలు తుడవడానికి వాడే మెత్తకర్ర పుల్ల తీసుకుని, బ్లేడుతో దాని మొనను కాగితమంత పల్చగా చెక్కాడు. లోహం గీరుతుంది, కర్ర గీరదు. ఈ ఒక్క సంగతి ఆయనకు ఈ లోకంలో ఎవరూ నేర్పనక్కర్లేదు. మొనను చిట్టి స్పిరిట్‌లో ముంచి, ఊపిరి బిగబట్టి, గాడిలోకి పోనిచ్చాడు. ఒక్క తీగ. బయటికి తీసి గుడ్డకు తుడుచుకుని, మళ్లీ ముంచి, రెండో తీగ. మొన మొద్దుబారితే మళ్లీ చెక్కడం. నిన్న గ్రీజు ఎక్కడెక్కడ పెట్టాడో ఆయన చేతికి గుర్తుంది, అందుకే ఎక్కడ వెతకాలో తెలిసింది. దూది పోగు ఒకటి మూలలో నక్కి ఉంటే ట్వీజర్‌తో పట్టి లాగాడు. అది వస్తూ వస్తూ మైనం ముద్దను కూడా తెచ్చింది. చెమట ముక్కు మీదికి జారుతుంటే భార్య తన కొంగుతో అద్దింది. ఆ కొంగు తగిలినప్పుడు ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది, కానీ భూతద్దం మసకబారుతుందని ఆపుకున్నాడు.

పదీ నలభై నాలుగు. చిట్టి కార్డు గాడిలో పెట్టి నొక్కింది. ఈసారి చిన్నగా టక్కుమంది. అలాంటి చప్పుళ్ల భాష మాస్టారికి వచ్చు. సరిగ్గా కూర్చుందని ఆయన చెప్పకముందే చిట్టి స్క్రూ బిగించి, నల్ల తీగ, తెల్ల తీగ తగిలించి, బ్యాటరీ కలిపి, బటన్ నొక్కింది.

తెర వెలగడానికి ఎంతసేపు పట్టిందో దుకాణంలోని నలభై ఒక్క గడియారాలనూ అడిగినా ఒక్కొక్కటీ ఒక్కో లెక్క చెప్పేది. వెలిగింది. మూలన గోళం బొమ్మ ఉంది. ఉంది. ఇంకా ఉంది. అది కాస్తా పోయి, దాని చోట మూడు వంపుల వైఫై గుర్తు వచ్చింది. నిండుగా, తెల్లగా, ఏమీ జరగనట్టు.

చిట్టి అక్కను వాటేసుకుంది. డ్రాయింగ్ మాస్టారు గడియారం మాస్టారి చేయి పట్టుకుని ఊపేశాడు. పనిలో పనిగా, కత్తితో విప్పింది తానేనని ఒప్పేసుకున్నాడు. తెలుసులెండి అన్నాడు గడియారం మాస్టారు. ఆవిడ మాత్రం అప్పటికే కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్లు సర్దుకుంటోంది. మూత రెండు స్క్రూలతో ఆనించి ల్యాప్‌టాప్ తిప్పి పెట్టారు. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. కార్డు నంబరు చూసుకుని పచ్చ గుర్తు పెట్టింది. మొహం చూసింది, పచ్చ. తర్వాత గదిలో నిశ్శబ్దం కొలిచింది. ఎర్ర.

చప్పుడు ఎక్కువగా ఉంది, సరిచేసుకోవడానికి మూడు నిమిషాలు ఇస్తున్నామని తెర మీద అక్షరాలు వచ్చాయి. అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి చూశారు. గడియారాలు. పదీ నలభైకే అన్నిటినీ ఆపాలని వారం కింద అనుకున్నారు. ఈ గొడవలో ఎవరికీ గుర్తులేదు. పైగా పదకొండు కాగానే వాటిలో పదమూడు గడియారాలు గంటలు కొడతాయి.

బాగుచేసిన గడియారాన్ని మాస్టారు ఎనిమిది రోజులు ఆపకుండా నడిపి చూస్తే గానీ ఇవ్వడు. మధ్యలో ఆగితే మళ్లీ మొదటి రోజే. కొన్నింటికి ఇవాళ ఏడో రోజు. ఆ ఆలోచన ఆయనకు వచ్చి ఉండొచ్చు, కానీ చేతులు ఆగలేదు. ఒక్కొక్క లోలకాన్నీ వేలితో పట్టి ఆపుతూ గోడ పొడవునా పరుగెత్తాడు. చిట్టి స్టూలెక్కి సెల్లు గడియారాల సెల్లులు ఊడబెరికింది. అలారం గడియారాలు ఏడున్నాయి, కీ ఇచ్చినవి, ఆపితే ఆగే రకం కాదు. డ్రాయింగ్ మాస్టారు వాటన్నిటినీ దుప్పట్లో మూటగట్టి, చంకన పెట్టుకుని వీధిలోకి పరుగుతీశాడు. చివరి లోలకం పెద్దది, మనిషంత గడియారానిది. మాస్టారు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. అది ఆయన అరచేతుల్లో ఒకసారి కొట్టుకుని ఆగింది.

ముప్పై ఏళ్లలో ఆ దుకాణం అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. లోపల్నుంచి ఆవిడ చేయి తెర పక్కగా బయటికి వచ్చి, బొటనవేలు పైకెత్తి చూపించి, తలుపు వేసుకుంది. పచ్చ.

గంటన్నర పాటు మాస్టారు, చిట్టి బల్ల దగ్గర కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. తలుపు అవతల నుంచి టైపు చప్పుడు సన్నగా, ఆగకుండా వస్తోంది. ఎక్కడా తడబాటు లేదు. మంచి గడియారం నడకలాగే ఉందని మాస్టారు మనసులో అనుకున్నాడు. ఆ చప్పుడు మధ్యలో ఒకసారి ఆగింది, ఆయన ఊపిరీ ఆగింది. మళ్లీ మొదలైంది.

ఆవిడ బయటికి వచ్చినప్పుడు మొహంలో ఏమీ తెలియలేదు. హెడ్‌ఫోన్లు మెళ్లోనే ఉన్నాయి. వచ్చి, ఆగిపోయిన గడియారాలన్నీ కలయజూసి, మొగుడి ముందు నిలబడింది.

"పన్నెండున్నర అయిందా?"

మాస్టారు చుట్టూ చూశాడు. ప్రతి గడియారమూ పదీ యాభై రెండు దగ్గరే ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు కాస్త ధైర్యం వచ్చింది. "ఇంకా పదీ యాభై రెండే" అన్నాడు.

సరిగ్గా అప్పుడే వీధి గుమ్మంలోంచి డ్రాయింగ్ మాస్టారు దుప్పటి మూటతో లోపలికి వచ్చాడు. గంటన్నరగా మెట్ల మీదే కూర్చున్నాడట పాపం. మూటలోంచి ఒక అలారం గణగణ మోగుతోంది. "పన్నెండున్నర దాటిందండీ, ఇది ఆగడం లేదు" అన్నాడు.

చిట్టి నవ్వు ఆపుకోలేక బల్ల మీద వాలిపోయింది. ఆవిడ నవ్వలేదు. నవ్వకుండానే, వెయ్యి మాటల్లో యాభై తప్పుల దాకా ఒప్పుకుంటారనీ, తనవి నలభై ఎనిమిదయ్యాయనీ, ఫలితం తెర మీదే చూపించారనీ చెప్పింది.

"రెండో భాగం చదివినావిడ గొంతు ఎంత సన్నగా ఉందంటే" అంది మొగుడితో, "మాటల చివర్లు గాలిలో కలిసిపోతున్నాయి. ఇంకే రోజైనా సగం వినపడేవి కావు. ఇవాళ ఫ్యాను అసలు పలకలేదండీ. ప్రతి అక్షరమూ వినపడింది."

మాస్టారు ఎర్ర అక్షరాల బోర్డు వైపు చూసి, తల దించుకున్నాడు.

"అయినా తిడతాను" అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "విప్పినందుకు కాదు. చెప్పనందుకు."

ఆ మాట అని, మనిషంత గడియారం దగ్గరికి వెళ్లి, తలుపు తెరిచి, పెద్ద లోలకాన్ని వేలితో ఒక పక్కకు నెట్టి వదిలింది. అది నడవడం మొదలెట్టాక పక్కదాని దగ్గరికి వెళ్లింది. మాస్టారు అవతలి గోడ నుంచి మొదలుపెట్టాడు.

ఆ రాత్రి ఆవిడ గుర్తుచేసిన ఎనిమిది రోజుల లెక్క ప్రకారం, గడియారాలన్నిటికీ అది మళ్లీ మొదటి రోజు.